చిన్నమ్మి మాటలు

పొద్దున పట్టిన క్యాసెట్టు మీద గణపతిరావు కాగితం ముక్క అంటించాడు. ముందు సంవత్సరం డెబ్బయ్యెనిమిది, తర్వాత నెల, తేదీ, చివర గంట, నిమిషం. అలా రాస్తే పేర్చినప్పుడు వరస తప్పదు, ఏ రెండింటికీ ఒకే పేరు పడదు.

చోడవరంలో రేడియోలు బాగుచేసే మనిషి. టేప్ రికార్డరు ఇంట్లోనే ఉంటుంది. వీలున్నప్పుడల్లా ఆరేళ్ళ కూతురు చిన్నమ్మిని దాని ముందు కూచోబెడతాడు.

"పాతది సెరిపీసి దాంట్లోనే పట్టొచ్చు గదా" అంది భార్య నూకరత్నం.

"కొత్తది పడితే పాతది పోద్ది. ఒక్కటీ పోకూడదు."



ఆ మధ్యాహ్నం ఖరగ్‌పూర్ నుంచి అక్క సన్యాసమ్మ వచ్చింది. పిల్లను ఒళ్ళో పాపగా ఉన్నప్పుడు చూసిందే. దగ్గరకు తీసుకోబోతే చిన్నమ్మి తల్లి కొంగు వెనక్కి పోయింది.

"మేనత్తనే గుంటా, సిగ్గేటే?" అని నవ్వింది సన్యాసమ్మ. "ఒరే తమ్ముడూ, దీని మాటలు పట్టి దాస్తన్నావట. ఎయ్యి, ఇంటాను."

"ఇప్పుడెందుకప్పా."

"మళ్ళీ ఎప్పుడొస్తానో ఏటో. ఎయ్యరా."

ఏది ముందు వెయ్యాలో గణపతిరావు కాసేపు తేల్చుకోలేకపోయాడు. చివరికి ఒకటి తీసి పెట్టాడు.

చాలాసేపు గరగర. తర్వాత ఒకే మాట. "అమ్మ."

సన్యాసమ్మ మురిసిపోయింది.

రెండోదాంట్లో, "నాన్నా... పాలు... వద్దు."

మూడోదాంట్లో చిన్నమ్మి ఆగకుండా మాట్లాడింది. గోవాడ దారిలో చెరుకుబళ్ళు చూసిందట. ఎద్దు తననే చూసిందట. నాన్న గడ విరిచి ఇస్తే అమ్మకు సగం దాచిందట. మధ్యమధ్య పకపకా నవ్వు.

"ఓలమ్మా, 'అమ్మ' అన్న కాడినుంచి ఎంత ఎదిగిపోనాదిరా" అంది సన్యాసమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఒసే రత్నం, ఉప్పూ మిరపకాయలూ తే. దిష్టి తీద్దాం."

నూకరత్నం వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాలేదు.

గణపతిరావు మూడో క్యాసెట్టు తీసి రెండేళ్ళ కిందటి వాటిలో సర్ది, 'అమ్మ' ఒక్కటే ఉన్న ఈ పొద్దుటిదాన్ని వరసలో అన్నిటికంటే చివర పెట్టాడు.