తెర వెనక నాలుగో నంబరు

తెర వెనక నాలుగో నంబరు గొంతు వార్తలు చదవడం మొదలుపెట్టగానే, పాతికేళ్ళుగా రేడియోలో ఉదయం వార్తలు చదువుతున్న పెద్దాయన కళ్ళు మెరిశాయి. పేర్లూ ముఖాలూ తెలియకుండా కొత్తవాళ్ళకి పెట్టిన పరీక్ష అది. అందులో ఆయన కూతురూ ఉంది. మైకులో గొంతు కాస్త మారినా, ఆ విరుపు, ఆ ఆగే చోటు అచ్చం తనవే. కూతురే, సందేహం లేదనుకున్నాడు.

గబుక్కున పదికి పది వేసేశాడు.

"ఎవరికీ ఆరు దాటించవు కదయ్యా!" అన్నాడు పక్కనున్న డైరెక్టర్.

"గొంతు అలాంటిది మరి."

ఆరో నంబరుకి మాత్రం రెండే వేశాడు. "ముక్కుతో చదువుతోంది," అని పైకే విసుక్కున్నాడు.

పరీక్ష అయ్యాక డైరెక్టర్ తెర తీయించాడు. నాలుగో నంబరు కుర్చీలో ఎవరో పిల్ల!

"నువ్వు... ఎవరమ్మాయివమ్మా?" పెద్దాయన గొంతు తడబడింది.

"ఈ వీధి చివర సెలూన్ మా నాన్నదే సార్. పొద్దున్నే మీ వార్తలు పెడతాం. మధ్యలో కరెంటు పోతే, గడ్డాలు గీయించుకునేవాళ్ళ కోసం పేపరు తీసి నేనే మీలా చదివేదాన్ని."

ఆయన నోరు తెరిచేలోపే వెనక కుర్చీలోంచి కూతురు తుమ్మింది.

"ఆరో నంబరు నేనే నాన్నా. జలుబు!"

డైరెక్టర్ పగలబడి నవ్వాడు. పెద్దాయనకి ఉడుకుమోత్తనం వచ్చింది.

"జలుబు సరేనే, కనీసం ఒక్క ముక్కయినా నాలా చదవలేవా?"

"నువ్వు వార్తలు చదివేటప్పుడు మనింట్లో రేడియో ఎవరు పెట్టారు నాన్నా? నేనూ అమ్మా హాయిగా నిద్రపోయేవాళ్ళం!"