చెంచా తాత

ముసలాయన చెంచాడు జావ నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం పుక్కిట ఉంచి, మూలనున్న సింకులో తుపుక్కున ఉమ్మేశాడు.

ఆస్పత్రి వార్డులో నాన్న మంచం పక్కన కూర్చున్న టైలరు మొహం చిట్లించాడు.

పట్టపగలు. రంజాన్ నెల. నెత్తిన టోపీ ఒకటి. పైగా రోగుల ముందు ఈ ఉమ్ములు!

టైలరు రోజా ఉపవాసం విషయంలో మహా పట్టుదల మనిషి. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసను పెదవులకు తాకించడం కూడా ఈ నెలంతా మానేస్తాడు. నీళ్లగిన్నెలో వేలు ముంచి తడి చేసుకుంటాడు. నాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, పండగ బట్టల పనంతా తమ్ముడి నెత్తిన పెట్టి ఆస్పత్రిలోనే ఉంటున్నాడు. ఉపవాసం మాత్రం ఒక్కటీ వదల్లేదు.

"ఆయన్ని చెంచా తాత అంటారండీ," అంది పక్క మంచం రోగి భార్య. "మధ్యాహ్నం జావ గిన్నెలు వచ్చే వేళకి వస్తాడు. అందరికీ అందించి పోతాడు."

"అందించి పోతే బాగానే ఉండును. తిని, ఉమ్మి మరీ పోతున్నాడు."

"ఆ చెంచా వేరేలెండి. మళ్లీ గిన్నెలో పెట్టడు."

"పెట్టకపోతే మాత్రం? చూడ్డానికే రోతగా ఉంది."

తాత విన్నాడో లేదో, ప్రతి గిన్నె దగ్గరా అదే తంతు. ఉమ్మడం, నోరు పుక్కిలించడం, భుజం మీది మరకల తువ్వాలుతో గడ్డం తుడుచుకోవడం. ఆ గుడ్డ నీళ్ల మొహం చూసి ఎన్నాళ్లయిందో. అయినా సరే, నాన్న మాత్రం ఆ చేతి జావ గుటకలు వేస్తూ తాగేశాడు. టైలరుకు ఒళ్లు ఇంకాస్త మండింది.

సాయంత్రం వరండాలో చాప పరిచారు. రోగుల బంధువుల్లో ఉపవాసం ఉన్నవాళ్లు నలుగురూ ఖర్జూరాలు ముందు పెట్టుకుని అజాన్ కోసం చూస్తున్నారు.

చెంచా తాత వచ్చి చాప చివర ఒదిగి కూర్చున్నాడు. ఒక ఖర్జూరం అందుకున్నాడు.

"మీకెందుకండీ అది?" అన్నాడు టైలరు.

తాత తలెత్తి చూశాడు.

"మధ్యాహ్నం గిన్నెగిన్నెకీ నోరు పెట్టారు. ఇప్పుడొచ్చి మాతో పాటు ఉపవాసం విడుస్తారా? మోసం ఎవరికి, మాకా, అల్లాకా?"

"నేను మింగలేదు నాయనా."

"నోట్లోకి పోవడం నా కళ్లతో చూశాను. గొంతు దిగిందీ లేనిదీ మీకే తెలియాలి. లేవండి. మీ పక్కన కూర్చుంటే నాకు నీళ్లు కూడా దిగవు."

ఆ ఉమ్ములు అందరూ చూసినవే. ఎవరూ అడ్డు చెప్పలేదు.

తాత ఖర్జూరాన్ని తిరిగి పళ్లెంలో పెట్టేసి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"వెళ్తాను. రేపు మీ నాన్నగారికి మాత్రం నేనొచ్చేదాకా జావ పట్టకండి."

"మీరు మళ్లీ ఈ గుమ్మం తొక్కితే బాగుండదు."

తాత మెట్లు దిగుతుండగా అజాన్ వినిపించింది. పీడా వదిలిందనుకుని టైలరు ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు తాత రాలేదు. జావ వచ్చింది.

టైలరు గిన్నెను అరచేత్తో తాకి చూశాడు. దళసరి ప్లాస్టిక్ గిన్నె, గోరువెచ్చగానే అనిపించింది. పైన చల్లారి మీగడ కట్టింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూద్దామా అన్న ఆలోచన వచ్చింది. వెంటనే చీదర పుట్టింది. రోజా పాడు చేసుకోవడానికి తానేమన్నా ఆ ముసలాయనా?

నాన్న నోరు తెరిచాడు. టైలరు అడుగు నుంచి బాగా కలిపి ఒక చెంచా పట్టాడు. మరొకటి పట్టాడు.

నాన్న కళ్ల వెంట నీళ్లు కారాయి. కొడుకు చేత్తో తాగుతున్నందుకు కాబోలు అనుకుని, టైలరు ఆ నీళ్లు తుడిచి ఇంకో చెంచా పట్టాడు.

పెద్ద నర్సు వచ్చి చూసేసరికి నాలుక పొక్కిపోయి ఉంది. పెదవి లోపలి తోలు తెల్లగా ఊడి వస్తోంది.

"ఎవరు పట్టారిది? చెంచా తాత ఏడి?"

"నేనే... ఆయన్ని రావద్దన్నాను."

నర్సు మందు పూసింది. సాయంత్రం చల్లటి పాలు తెచ్చినా నాన్న పళ్లు బిగించుకుని మొహం పక్కకు తిప్పేశాడు. కొడుకు చెయ్యి దగ్గరకొస్తే చాలు, వణికిపోతున్నాడు. టైలరుకు ఆ చెయ్యి తనదని తలుచుకుంటేనే రోత పుట్టింది.

"మీ పనివాడేగా ఆయన, ఒక్కసారి పిలిపించండమ్మా. కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు.

"మా పనివాడెందుకవుతాడు? ఏ వీధిలో ఉంటాడో కూడా మాకు తెలీదు. ఏటా రంజాన్ వస్తే చాలు, ఉపవాసం ఉండి మరీ వస్తాడు. వేడి చూసి ఉమ్మేస్తే రోజా పోదని మసీదులో ఇమాంగారు చెప్పారట. ఆ మాట కాస్త ముందు తెలిసుంటే బాగుండేదని ఏడుస్తాడు."

"ముందంటే?"

నర్సు మంచం మీది దుప్పటి సర్దుతూ నెమ్మదిగా చెప్పింది.

"వాళ్లావిడకీ ఇలాగే మాట పడిపోయింది బాబూ, నాలుక మీద వేసుకుంటే రోజా పోతుందని వేడి చూడకుండా ఆవిడకి జావ పట్టింది ఆయనే."