అంకుల్ పెరట్లో జెస్టియా

"పదింటికి జిల్లా మాత్‌ల జాబితా రాసే ఆయన వస్తారమ్మా, నా నోట్‌బుక్ తీసుకెళ్లడానికి. ఆ జాబితాలో ఇక మన పెరడు కూడా ఉంటుంది," అన్నారు వెంకటసుబ్బారావు అంకుల్.

మధులిక భుజం మీది బ్యాగు దించి కింద పెట్టింది.

ఇక్కడ న్యూకాసిల్‌లోనే జీపీ డాక్టరుగా రిటైరైన అంకుల్‌కి ఒకటే పిచ్చి. రాత్రి పెరట్లో లైటు వెలిగించి, పొద్దున్నే దాని కింది పెట్టెలో చేరిన మాత్‌ల, అంటే రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుల, పేర్లు రాసుకోవడం. ఇప్పుడు ఆయన కళ్లకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనవు. అందుకే పక్క వీధిలో ఉండే మధులిక రోజూ యూనివర్సిటీకి వెళ్తూ పెట్టె తెరిచి చూసి చెబుతుంది. ఆయన లావు మార్కరుతో చేతి అంచనా మీద రాసుకుంటారు.

రెండు వారాల కిందట పెట్టె ఖాళీగా కనిపించింది. "ఏం వచ్చాయమ్మా?" అని అంత ఆశగా అడిగిన మనిషితో ఏమీ లేవనడానికి నోరు రాలేదు. మాత్‌ల పుస్తకంలో చూసిన ఓ పేరు చెప్పేసింది. మర్నాడూ ఖాళీయే. మరో పేరు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నిన్న ఆమె అదీ మరిచి, చలికొండల మీద తప్ప కనబడని జెస్టియా అనే మాత్ వచ్చిందంది. "కొండ దిగి నా పెరట్లోకా!" అని ఆయన చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుని రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

"అంకుల్, ఆ నోట్‌బుక్ ఇవ్వకండి."

"ఏం?"

"రెండు వారాలుగా పెట్టెలో ఒక్క పురుగూ లేదు. అన్నీ నేను కల్పించినవే. జెస్టియా కూడా." ఏడుపు ఆగలేదు. "మీ నలభై ఏళ్ల కష్టం పాడుచేశాను. తప్పయిపోయింది అంకుల్."

ఆయన తడుముకుంటూ నోట్‌బుక్ ఆమె ముందుకి తోశారు.

"టీ పెట్టుకొస్తా. ఈలోగా రెండు వారాల కిందటి పేజీ తియ్యి."

ఒకదాని మీదొకటి ఎక్కిన ఆ పెద్ద పెద్ద అక్షరాల్ని మధులిక కూడబలుక్కుంటూ చదివింది.

'లైటు బల్బు మాడిపోయింది. ఇక్కణ్ణుంచి రాసినవేవీ మీ జాబితాలో కలపవద్దు. పొద్దున్నే వచ్చే ఆ పిల్లకి మాత్రం చెప్పకండి, రావడం మానేస్తుంది.'