తెర వెనక చప్పుడు

టక్... టక టక్... టక్.

విజయ చేతిలోని రిసార్టుల రంగుల పుస్తకం మీంచి తలెత్తి చిరాగ్గా గుమ్మం వైపు చూసింది.

గుమ్మం ముందు మురుగుకాలవ మోరీకి అడ్డంగా ఓ చెక్క వేసి ఉంది. దాని మీద రెండు కాళ్లూ పెట్టుకుని ముసలి వాచ్‌మన్ స్టూలు మీద కూర్చున్నాడు. చప్పుడు ఆ కాళ్లదే.

శంషాబాద్‌లో కొండల్ ట్రావెల్ ఆఫీసు అది. విమానాశ్రయం వచ్చాక కొండల్ ట్రాక్టరు అమ్మేసి, గోడల నిండా సముద్రాలు అంటించుకుని కూర్చున్నాడు. విజయ భర్త నరసరాజు పనిచేసే బ్యాంకుకి కొండల్ పాత కస్టమరు. అందుకే నరసరాజు ఆమెను వెంటబెట్టుకుని అత్తాపూర్ నుంచి ఇంతదూరం వచ్చాడు.

పెళ్లయిన ముప్ఫై ఏళ్లకి మొదటి విదేశీ ప్రయాణం. తీరా బాలిలో ఏ రిసార్టు అన్న దగ్గర మొగుడూ పెళ్లాలకి పేచీ పడింది.

"గిది తీస్కోండ్రి సార్. రూముకో ఈతకొలను. కాలు బయట పెడితే సముద్రం," అన్నాడు కొండల్.

"ఇది ఖాయం చేసెయ్," అన్నాడు నరసరాజు.

"కాదండీ, ఇది," అంది విజయ ఇంకో పేజీ చూపిస్తూ. "ఇందులో సాయంత్రం తోలుబొమ్మలాట ఉంది. రామాయణం."

"గా బొమ్మలాట కోసం గంత దూరమెందుకు మేడం?"

"ఇక్కడెక్కడుందయ్యా ఇప్పుడు? నా ఎనిమిదో ఏట మా ఊళ్లో చూశాను. భీమవరం దగ్గర. మా నాన్న ఒళ్లో కూర్చుని."

విజయ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"లంకాదహనం ఆడుతుంటే హనుమంతుడి తోకకి నిజంగానే దీపం అంటుకుంది. అందరూ కెవ్వుమన్నారు. తెర వెనకాయన మాత్రం ఆట ఆపలేదు. హనుమంతుడి గొంతుతోనే, 'లంక తర్వాత తగలబడుతుంది గానీ, ముందు నా తోక ఆర్పండర్రా!' అన్నాడు. మా నాన్న కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ మరుసటేడే పోయాడు. అంతలా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ ఆట మళ్లీ ఒక్కసారి చూడాలి. సముద్రం లేకపోయినా ఫరవాలేదు."

"సరే, నీ బొమ్మలాటే ఖాయం," అన్నాడు నరసరాజు. ఇంకా కాదనేటంత మొండివాడు కాదు.

గుమ్మం దగ్గర చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. టకటక టక్! టకటక టక్!

"దశరథం! జర కాళ్లు ఊకుంచరాదే!" కొండల్ కేకేశాడు.

ముసలాయన లేచి లోపలికొచ్చాడు. చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, తమరిది ఏ ఊరండీ?"

"మా ఊరితో నీకేం పని? ముందా చప్పుడు ఆపు, తల పగిలిపోతోంది. కొండల్ గారూ, మంచి మంచి వాళ్లొచ్చే చోట ఆ చెక్కేమిటి, ఆ చిందులేమిటి?"

ముసలాయన తలొంచుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు కారెక్కాక మళ్లీ వచ్చి అద్దం దగ్గర వంగాడు. "రేపొకసారి ఇటొస్తారా అమ్మగారూ? ఒకటి చూపెడతానండీ."

ఏదో అమ్మజూపుతాడనుకుంది విజయ. "రేపొస్తాంలే," అని అద్దం ఎత్తేసింది. వదిలించుకోవడానికి అందరం అనే మాటే.

బాలిలో సముద్రం బాగుంది. నరసరాజు పొద్దస్తమానం అందులోనే నానాడు.

మూడోనాటి సాయంత్రం బొమ్మలాట. హనుమంతుడు తెర మీదికి రాగానే విజయ కుర్చీ అంచుకి జరిగింది. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. మిగతాదంతా అర్థమైంది.

"తెర వెనక్కి వెళ్లి చూడొచ్చట," అన్నాడు నరసరాజు.

చిన్నప్పుడు తెర ముందే కూర్చుంది గానీ వెనక ఏముంటుందో ఎన్నడూ చూడలేదు.

దీపం కింద ఒక ముసలాయన కూర్చున్నాడు. రెండు చేతుల్లోనూ బొమ్మలు. కాలివేళ్ల మధ్య ఇరికించుకున్న చిన్న చెక్కతో పక్కనున్న పెట్టెను కొడుతున్నాడు. తెర మీద యుద్ధం.

టకటక టక్! టకటక టక్!

విజయ అక్కడే నిలబడిపోయింది.

"ఏమైంది?" అన్నాడు నరసరాజు.

"మనవాళ్లూ కాళ్ల కింద చెక్క వేసుకుని తొక్కుతారేమో కదండీ..."

శంషాబాద్‌లో విమానం దిగగానే సామానుతో సహా తిన్నగా కొండల్ ఆఫీసుకి పోనిమ్మంది.

స్టూలు మీద జంగయ్య అనే కొత్త మనిషి ఉన్నాడు. మోరీ మీద చెక్క లేదు, నాపరాయి ఉంది.

"దశరథం గారేరీ?" అంది. ఆ 'గారు' అప్పుడే మొదటిసారి నోటికొచ్చింది.

"పోయిండు మేడం, పని ఇడిసిపెట్టి," అన్నాడు కొండల్. "మీరన్నరని చెక్క తీపిచ్చి బండ ఏపిచ్చిన. మీరు రేపొస్తమన్నరంట గద, ఒక మూట తెచ్చుకొని వారం దినాలు ఎదురుసూసిండు. ఇగ రారని, మీకియ్యమని చెప్పి పోయిండు."

"ఎక్కడికి?"

"తెల్వది. మాది గోదారి దిక్కని ఓసారి అన్నడు, గంతే."

బీరువా మీంచి మూట దింపి ఆమె చేతికిచ్చాడు. పాత పంచె, రెండు ముళ్లు. విజయ అక్కడే నేల మీద కూర్చుని విప్పింది.

మడతలు విప్పితే నిలువెత్తు హనుమంతుడు. రంగులు వెలిసిన మేకతోలు వెలుతురుకి ఇంకా ఎర్రగా మెరుస్తోంది.

తోక చివర జానెడు మేర నల్లగా కాలి ఉంది.