నాలుగు సీట్ల మనిషి

రైలు కదిలాక తెలిసింది, టికెట్ల మీద తారీఖు సరిగ్గానే ఉందనీ, నెలే తేడా అనీ.

“ఇవి వచ్చే నెలవండీ,” అన్నాడు టీసీ.

భార్య భర్త వంక చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ చూపుకి అర్థం ఆయనకి కంఠతా వచ్చు.

“అన్నీ నేనే చూసుకుంటానన్నారు.”

“చూశానే. తారీఖు చూశాను.”

ఈ సెలవుల్లో ఇది అయిదో ఉపద్రవం. మొదటి రోజే ఎండకి భర్త ముక్కు తోలూడింది. రెండో రోజు భార్య కొత్త చెప్పుల్లో ఒకదాన్ని అల పట్టుకుపోయింది. ఒంటి చెప్పుతో ఏం చేసుకోనని రెండోదాన్ని తనే సముద్రంలోకి విసిరింది. మర్నాడు మొదటిది ఒడ్డుకొచ్చింది. ఆపైన కూతురికి జ్వరం.

నాలుగోది అత్తగారు. స్నానాలగదిలో జారి చీలమండ విరగ్గొట్టుకుంది.

“కాలు వేలాడనివ్వకండి, చాపే ఉంచాలి. ఎముక కదిలిందా, ఆపరేషనే,” అని కట్టు కట్టిన డాక్టరు మరీమరీ చెప్పాడు.

ప్రయాణం ఏడు గంటలు. సీటు ఒక్కటీ లేదు.

అత్తగారు నడవాలో సూట్‌కేసు మీద కూర్చుంది. ఆమె కాలిని కోడలు రెండు చేతులా పట్టుకుంది.

“నువ్వైనా ఒకసారి చదవొద్దుటమ్మాయ్ ఆ టికెట్లు? డిగ్రీ దాకా చదివావు.”

“డిగ్రీలో రైలు టికెట్ల పాఠం లేదత్తయ్యా.”

పెట్టె నిండా జనం. ఒక్కచోట మాత్రం ఎదురెదురుగా నాలుగు సీట్లు, ఒకే మనిషి. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. మిగతా మూడు సీట్ల మీదా ఒక హ్యాండ్‌బ్యాగు, ఒక శాలువ, కుందేలు చెవులున్న ఒక పిల్లల సంచీ.

“ఇవి ఖాళీయేనా?” భర్త అడిగాడు.

“మావేనండి. నాలుగు టికెట్లున్నాయి.”

“మిగతావాళ్ళేరీ?”

“రైల్లోనే ఉన్నారు.”

భర్త వెనక్కొచ్చేశాడు. అరగంట గడిచింది. ఆ సీట్లలోకి ఎవరూ రాలేదు. రైలు ఊగినప్పుడల్లా అత్తగారు మూలుగుతూనే ఉంది.

ఇక భార్యే లేచింది.

“రైల్లో ఉన్నవాళ్ళు ఇంతసేపూ ఎక్కడ షికార్లు చేస్తున్నారండీ?”

అతను ఆమెని చూడలేదు. ఆమె వెనకాల పెద్దావిడ కాలిని చూశాడు.

హ్యాండ్‌బ్యాగు తీశాడు. శాలువ మడతపెట్టాడు. కుందేలు సంచీ మీద చెయ్యి వేసి కాస్త ఆగాడు. అదీ తీశాడు. మూడూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఆవిడని కూర్చోబెట్టండి.”

“మరి మీవాళ్ళొస్తే?”

“రారండి.”

భార్య మొగుడి చెవిలో చెప్పింది, పది మందికీ వినపడేలా.

“చూశారా? ఇందాక రైల్లోనే ఉన్నారన్నాడు. సంచులేసి సీట్లు పట్టే బాపతు. గట్టిగా అడిగితేగానీ దిగిరాలేదు.”

థాంక్స్ చెప్పలేదు. అబద్ధం కక్కించి తీసుకున్నదానికి థాంక్స్ ఏమిటని ఆమె ఉద్దేశం.

అత్తగారు కూర్చుని కాలు ఎదురు సీటు మీదికి చాపింది. అతను శాలువని నాలుగు మడతలు చేసి కాలి కింద సర్దాడు.

“కుదుపులకి నొప్పి తెలీదు.”

కూతుర్ని ఒళ్ళో వేసుకుని భార్య మూడో సీట్లో కూర్చుంది. భర్తకి మిగిలింది నిలబడటం. ఆయన నడుం పట్టుకుని ముక్కు దగ్గర్నుంచి ఉపద్రవాలన్నీ మళ్ళీ అందుకున్నాడు.

“పగవాడికి కూడా వద్దు ఇలాంటి ప్రయాణం.”

“నలుగురూ ఇంటికెళ్తున్నారు కదండీ,” అన్నాడు అతను. “అది చాలు.”

భార్యకి ఒళ్ళు మండింది.

“చెప్పేవాడికి వినేవాడు లోకువ. పిల్లలనీ పెద్దలనీ మోసుకుంటూ తిరిగితే తెలుస్తుంది. ఒక్కరూ హాయిగా కూర్చుని చెప్పటానికేం?”

అతను ఒళ్ళోని సంచీకి వంగిన కుందేలు చెవి సరిచేశాడు.

“నా నడుం ఇక నిలబడేట్టు లేదు,” అన్నాడు భర్త. “మీరు కాసేపు అలా తలుపు దగ్గర నిలబడితే…”

అతను లేచాడు. సంచులు భుజాన తగిలించుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు.

కాసేపు కాస్తా నాలుగు గంటలైంది. భర్త హాయిగా గురక పెట్టాడు.

సాయంత్రం ఏదో స్టేషన్లో అతను దిగిపోయాడు. కాలి కింది శాలువ అడగలేదు.

“మరిచిపోయాడు పాపం,” అంది అత్తగారు చేత్తో తడిమి చూస్తూ. “మంచి ఊలు. ఇంటికెళ్ళాక ఓసారి ఉతికి పెట్టమ్మాయ్.”

రైలు ఎంతకీ కదల్లేదు. అటుగా వచ్చిన టీసీని భర్త ఆపాడు.

“ఇరవై నిమిషాలైంది. ఏమిటండీ సంగతి?”

“చివరి పెట్టెలోంచి సామాను దింపుతున్నారు. ఇప్పుడు దిగాడే, ఆయనది.”

“ఇంకా సామానా? ఊరు ఊరంతా కొనేసినట్టున్నాడు.”

భార్య కిసుక్కున నవ్వింది. టీసీ నవ్వలేదు.

“నాకూ ఇందాక కాగితాలు చూస్తేనే తెలిసింది. సెలవులకని వెళ్ళారట. మొన్న కొండదారిలో కారు లోయలో పడింది. తల్లీ, భార్యా, ఆరేళ్ళ పాపా.”

అత్తగారు శాలువ మీంచి చెయ్యి తీసేసింది. టీసీయే మళ్ళీ అన్నాడు.

“వాళ్ళ సీట్లు మీకిచ్చి, వాళ్ళని లగేజీ పెట్టెలో ఇంటికి తెచ్చుకున్నాడండి.”