సుత్తి మాస్టారు చూసిన పడవ

ఈ నెలలో ఇది ఐదో పడవ. టీచరమ్మకు కాళ్లు పీకుతున్నాయి.

రేవు పక్క షెడ్డులో, దిమ్మెల మీద ఎక్కించి ఉంది పడవ. మధ్యలో పెద్ద పొట్ట. అటూ ఇటూ రెండు చిన్న పొట్టలు. వాటిని పెద్దదానికి కలుపుతూ పక్కకు రెండేసి చేతులు. ట్రైమరాన్ అంటారు. పాతికేళ్ల నాటిది. రంగు మాత్రం మొన్ననే వేసినట్టు వాసన కొడుతోంది.

"మూడు పొట్టలమ్మా. బోల్తా పడమని బతిమాలినా పడదు," అన్నాడు అమ్మేవాడు.

టీచరమ్మకు కావలసిందీ అదే. అవతలి గట్టు నుంచి బడికి రావలసిన పిల్లలు పదకొండు మంది. వాళ్లను తెచ్చే పాత పడవ మూలపడి రెండు నెలలైంది. అప్పటినుంచీ వాళ్లు బడి మొహం చూడలేదు. ఇంకో నెల ఇలాగే గడిస్తే సగం మంది చదువు అటకెక్కినట్టే.

పడవను పరీక్షించడానికి వచ్చినాయనను రేవులో అందరూ సుత్తి మాస్టారు అంటారు. మాటలతో సుత్తి కొడతాడని కాదు. ఆయన చేతిలో నిజంగానే చిన్న సుత్తి ఉంటుంది. దాంతో పడవ ఒళ్లంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతాడు. బాగున్న చోట ఖంగుమంటుంది. లోపల చెక్క నానిన చోట మొద్దుగా పలుకుతుంది. పైన ఎన్ని రంగులు పూసినా ఆ తేడా దాగదు.

వెంట ఆయన భార్య వచ్చింది. నోటుపుస్తకం, పెన్సిలు ఆవిడ చేతిలో ఉన్నాయి.

"బాబూ, ఆ రేడియో ఆపు. చప్పుడుంటే పని సాగదు," అంది వస్తూనే.

రేడియో ఆగింది. మాస్టారు మొదలుపెట్టాడు. టక్. టక్. రెండు దెబ్బలకోసారి తలెత్తి భార్య వంక చూస్తాడు. ఆవిడ కళ్లు మూసుకుని, సగం నిద్రలో ఉన్నట్టు తల ఊపుతుంది. ఆయన ముందుకు జరుగుతాడు.

"ఇంటావిడ సెలవిస్తే గానీ సుత్తి లేవదా మాస్టారూ?" అని నవ్వాడు అమ్మేవాడు.

మాస్టారు పలకలేదు.

"పని మధ్యలో ఆయన మాట్లాడరు," అంది ఆవిడ.

గంట గడిచింది. పెద్ద పొట్ట అయింది. ఎడమ పొట్ట అయింది. రేకుల కప్పు కింద షెడ్డు పెనంలా కాగుతోంది. టీచరమ్మ తిరగేసిన బకెట్టు మీద కూలబడింది. మాస్టారి భార్య మోకాళ్లు పట్టుకుని వంగడం అమ్మేవాడు కనిపెట్టాడు.

"మీకెందుకు పెద్దమ్మా ఈ అవస్థ? ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చోండి. చూసేది ఎటూ ఆయనే కదా."

"ఒక్క పది నిమిషాలు," అంటూ ఆవిడ టీచరమ్మ భుజం ఆసరా చేసుకుని వెళ్లింది.

ఆవిడ అటు వెళ్లగానే మాస్టారు పని ఆపేసి స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మేవాడు వెనక చేరి గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మీ దగ్గర దాచేదేముంది. కుడిపక్క ముందు చేతి అతుకు దగ్గర కాస్త నెమ్ముంది. అక్కడ పైపైన కానిచ్చేయండి. ఇకమీదట ఈ షెడ్డుకొచ్చే ప్రతి పడవా మీకే చూపిస్తా. సరేనా?"

మాస్టారు కదల్లేదు. తల కూడా తిప్పకుండా సుత్తి పిడిని తుడుచుకుంటున్నాడు. కాదనలేదు గనక సరేనన్నట్టే అనుకున్నాడు అమ్మేవాడు. ఈల వేసుకుంటూ వెళ్లి అందరికీ టీ చెప్పొచ్చాడు.

ఆడవాళ్లు తిరిగొచ్చారు. మాస్టారు లేచాడు. టక్. టక్. కుడి పొట్ట సగమైంది. ముందు చేతి అతుకు దగ్గరకొచ్చేసరికి ఆవిడ పెన్సిలు కదిలింది. మాస్టారు ఆగాడు. అక్కడే ఇంకోసారి కొట్టాడు. మరోసారి కొట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, కొత్త రంగు మీద జానెడు సున్నా చుట్టాడు.

"అమ్మా, ఈ అతుకు లోపలంతా నీళ్లు తాగింది. చెక్క మెత్తబడింది. గాలి గట్టిగా వీచిన రోజున ఈ చెయ్యి ఊడొస్తుంది. పిల్లల్ని ఎక్కించకండి."

టీచరమ్మ లేచి ఆయన ముందుకొచ్చింది.

"బాగుచేయిస్తే?"

"చెయ్యి మొత్తం కోసేసి కొత్తది కట్టాలి. వచ్చే ఏడాదికి గానీ అవదు."

అమ్మేవాడి మొహం మాడిపోయింది. వచ్చి మాస్టారికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇదేం పని మాస్టారూ? ఇందాక అంత చెప్పానా, మీరు కాదనలేదే?"

"ఏం చెప్పారు?" అన్నాడు మాస్టారు.

"అవును, ఏం చెప్పారు?" అంది టీచరమ్మ.

అమ్మేవాడు టీచరమ్మ వైపు తిరిగాడు.

"నిప్పులాంటి మనిషిని వెతికి పట్టుకొచ్చావు తల్లీ," అని గొణుక్కుంటూ అవతలికి పోయాడు.

ముగ్గురూ గేటు దాకా నడిచారు. ఇక ఆరో పడవ ఎక్కడుందో వెతకాలి. ఈ వారమూ పడవ లేదని అవతలి గట్టు తల్లులకు కబురు పెట్టాలి. ఆ తల్లుల మొహాలు తలచుకుంటే టీచరమ్మకు అడుగు పడటం లేదు. గేటు దగ్గర ఆగి, మాస్టారికి ఎదురుగా తిరిగి చేతులు జోడించింది.

"పడవ దొరకలేదన్న దిగులు ఉంది గానీ మాస్టారూ, పిల్లలు దక్కారు. మీ చెవులకు దణ్ణం పెట్టాలి."

మాస్టారు ఆమె పెదవులు ఆగేదాకా చూసి, భార్య వైపు తిరిగి, "ఈ దణ్ణం నీ చెవులకేనే," అన్నాడు, పక్కన పిడుగు పడ్డా వినిపించక నాలుగేళ్లయిన ఆ మనిషి.