మూడు బొట్లు

"మేడం, ఒక్క నిమిషం! యమున కార్డుల మీద బొట్లున్నయి!"

యమునకు ఎదురుగా ఆడాల్సిన గిరిధర్ అలా అరిచేసరికి, సూర్యాపేట ఫంక్షన్ హాల్లో ఎవరి కట్ట వాళ్లు తెచ్చుకుని ఆడే కార్డుల పోటీ ఫైనల్ చూడ్డానికి బల్ల చుట్టూ మూగినవాళ్లంతా ఒక్కసారిగా ముందుకు వంగారు. రిఫరీ పుష్పలత యమున కట్ట అందుకుని నలభై కార్డులనూ బోర్లా పరిచింది. నిజమే. మూడు కార్డుల వీపు మీద, పల్చటి ప్లాస్టిక్ కవరు లోపల, ఎర్రెర్రగా కుంకుమ బొట్లు!

"ఇదేంది యమునా?"

యమున బిక్కమొహం వేసింది. "నాకు తెల్వదు మేడం. పొద్దటి ఆటలల్ల లేకుండె. అన్నం తిననీకి పోతూ కార్డుల డబ్బా మా అమ్మకిచ్చిన."

చూపులన్నీ వెనక కుర్చీలో కూర్చున్న తిరుపతమ్మ మీదికి తిరిగాయి. చిలుకూరు నుంచి కూతురి వెంట వచ్చిన ఆ తల్లి ఒళ్లో కుంకుమ పొట్లం ఇంకా విప్పే ఉంది.

"నేనే పెట్టిన బిడ్డా. నా పిల్లకు మంచి జరగాలని పెట్టిన. కవరు మీద పెడితే తుడుసుకపోతదని తీసి లోపల పెట్టిన. తప్పా?"

హాలంతా ఘొల్లుమంది. పుష్పలతకూ నవ్వు ఆగలేదు.

"తప్పే అమ్మా. గుర్తు ఉంటే కార్డేదో వెనక నుంచే తెలిసిపోతది. అయినా కావాలని చేసింది కాదు, ఆట ఆపను. యమునా, ఆ మూడు తీసేసి నీ అదనపు కార్డులల్ల నుంచి మూడు కలుపుకో."

గిరిధర్‌కు పట్టరాని సంతోషం వేసింది. ఎందుకు వేయదు! యమున బలమంతా మూడంటే మూడు కార్డుల్లో ఉంది. మబ్బు కార్డు వేస్తే కట్టలోంచి మెరుపు కార్డు దానంతటదే బయటికి వస్తుంది. మబ్బూ మెరుపూ కలిశాయా, చేతిలోని పిడుగు వేయొచ్చు. పిడుగు పడితే ఎదుటివాడి ప్రాణాలు సున్నా. మిగతా ముప్పై ఏడు కార్డులూ ఆ మూడూ చేరేదాకా కాలక్షేపం చేయడానికే.

కోదాడ పోటీలో గిరిధర్‌ను ఆ పిడుగే కొట్టింది. మిర్యాలగూడలో, సొంత ఊళ్లో, చుట్టపక్కాలందరి ముందూ మళ్లీ అదే పిడుగు. అప్పటినుంచీ వాళ్ల రైసుమిల్లులో హమాలీలు కూడా అతన్ని చాటుగా 'పిడుగు సేటు' అంటున్నారు. ఇవాళ గెలిస్తే హైదరాబాదు పోటీకి వెళ్తాడు. ఓడితే ఆ పేరు ఇక జన్మలో పోదు.

తల్లి బొట్టు పెట్టిందంటే దేనికి పెడుతుంది? కూతుర్ని గెలిపించే కార్డులకే కదా!

యమున ఆ మూడింటినీ తిప్పి చూసింది. పెదవి కొరుక్కుని, మళ్లీ బోర్లించి పక్కన పెట్టింది. ఆ పెదవి కొరుక్కోవడం చూశాక గిరిధర్‌కు ఉన్న ఒక్క అనుమానమూ తీరిపోయింది.

ఆట మొదలైంది. గిరిధర్ ఇంత హాయిగా ఎన్నడూ ఆడలేదు. కూనిరాగం తీస్తూ కార్డులు వేశాడు. యమున ప్రాణాలు కరిగిపోతూ వచ్చాయి.

ఆరోసారి వంతు వచ్చేసరికి అతని చేతిలో రెండే కార్డులు మిగిలాయి. ఒకటి ఏడుతలల ఏనుగు. రెండోది రాతిగొడుగు. పిడుగును ఆపే కార్డు అదొక్కటే. యమున కోసమే నెల రోజులు వెతికి, బెంగుళూరు నుంచి తెప్పించుకున్నాడు. కానీ ఏనుగు బల్ల మీదికి దిగాలంటే చేతిలోంచి ఒక కార్డును పారేయాలి.

"వానే లేనప్పుడు గొడుగెందుకు?" అని గొడుగును పారేసి ఏనుగును దింపాడు. "ఇగ ఒక్క దెబ్బ యమునా. నీ ఆట ఖతం."

"ఆ దెబ్బ వచ్చే వంతుకు గద. ఇప్పుడు నాది," అంది యమున.

కట్ట మీంచి ఒక కార్డు తీసింది. చూసింది. నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

మబ్బు.

గిరిధర్ కళ్లు నులుముకున్నాడు. మబ్బు వెనకే కట్టలోంచి మెరుపు వచ్చింది. అప్పటిదాకా చేతిలో దాచుకున్న పిడుగును యమున దాని పక్కన చప్పుడయ్యేలా వేసింది.

హాలు ఈలలతో దద్దరిల్లింది. పుష్పలత యమున చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గిరిధర్ మాత్రం నమ్మలేక, పక్కన పెట్టిన ఆ మూడు బొట్టు కార్డులనూ తిప్పి చూశాడు. ఒక మట్టిగోడ, ఒక కుంటికప్ప, ఇంకో కుంటికప్ప! తన తెలివికి తనకే నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఒక్క మాట చెప్తే ఏం పోయె యమునా!"

"నా చేతుల ఏమున్నయో నీకు చెప్పుకుంట ఆడాల్నా?"

అతను తిరుపతమ్మ వైపు తిరిగాడు. "మంచి జరగాలని పెట్టిన అంటివి గదమ్మా! అన్నీ ఉండంగ పోయి పోయి కుంటికప్పలకు పెడితివేంది?"

తిరుపతమ్మ కుంకుమ పొట్లం మడిచి కొంగున ముడేసుకుంది.

"పొద్దటి సంది నా బిడ్డ కార్డులను మింగేటట్టు సూస్తుంటివి గద కొడుకా, నీ దిష్టి మంచియాటి మీద పడకుండ గా పనికిరానియాటికి పెట్టిన!"